విజయనగరం గంటస్తంభం మార్కెట్: ఈ ఏడాది మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధన ఉంది కాబట్టి రాస్తున్నాను. లేకపోయినా రాసేవాణ్నే, ఎందుకంటే ఈ ఏడాది పని ఎవరు చేశారో, ఎవరు ఫొటోల్లో మాత్రమే ఉన్నారో ఒకచోట రాసి ఉండాలి. ఆశయాలు మళ్లీ చెప్పను, మీకు తెలిసినవే.

పాత మార్కెట్ తీసేసి రెండంతస్తుల భవనం, ముందు కూర్చోడానికి జాగా, బళ్ల పార్కింగ్ కడతామని మున్సిపల్ ఆఫీసువాళ్లు అన్నారు కదా. ఆ మాట మనకి నోటీసులో రాలేదు, టీ కొట్టు దగ్గర తెలిసింది. డ్రాయింగు చూపించమని నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారు, రెండోసారి క్యాంపు, మూడోసారికి ఆ సీటే మారిపోయింది. నాలుగోసారి, ఎవరికి జాలేసిందో, ఫోన్లో ఫొటో తీసుకోనిచ్చారు. కొత్త కట్టడం వద్దని మనం ఎప్పుడూ అనలేదు. వానొస్తే బరకాల కింద మోకాలి లోతు బురదలో బేరం చేసేవాళ్లకి కట్టడం విలువ ఒకరు చెప్పాలా? కానీ 2020లో మన ఊరి పాతకాలం గుర్తు, మూడు లాంతర్ల స్తంభం కూల్చినప్పుడు ఊరు ఎంత గగ్గోలు పెట్టిందో చూశాం. కూలిపోయాక గోల చేసి లాభం లేదు, ముందే మాట్లాడాలి అన్నది అప్పుడే బుర్రకెక్కింది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది ముగ్గు పని. కార్తీక మాసంలో ఒక ఆదివారం, చేపల వైపు ఎలాగూ బేరాలు తక్కువ, మధ్యాహ్నం ఆ జాగా కడిగించి, డ్రాయింగులో ఉన్న కొట్లని ముగ్గుపిండితో నేలమీద అసలు కొలతలకే గీశాం. టేపు మన టైలరు గారిది, గీసింది కూరగాయల ఆడవాళ్లు. ఇంజనీర్లకి తాడు కావాలేమో గానీ వీళ్లకి అక్కర్లేదు, గీతలు అంత తిన్నగా వచ్చాయి. తర్వాత ఎవరి గడిలో వాళ్లని కూర్చోమన్నాం. కంద, పెండలం అమ్మే మామ్మ గంప ముందు పెట్టుకుని కూర్చుని, "బాబూ, నాను కూకుంటే తక్కెడ ఎక్కడెట్టాల?" అంది. నిజంగానే జాగా లేదు. అరుగు ఎత్తు రెండున్నర అడుగులని గీశారు కదా, ట్రేలు పేర్చి చూశాం, పెద్దవాళ్లకి ఎక్కడం కుదరదు, ఎక్కినా రోజంతా కాళ్లు వేలాడేసుకుని కూర్చోలేరు. బస్తా నెత్తిన పెట్టుకున్న కలాసీ ఒకాయన నడవలో వెనక్కి తిరిగితే బస్తా ఇద్దరికి తగిలింది. అందరూ నవ్వారు, ఆయన మాత్రం నవ్వలేదు, రోజూ తిరగాల్సింది ఆయనే కాబట్టి.

అన్నిటికంటే నీళ్ల సంగతి. చేపల గడి దగ్గర రెండు బకెట్లు కుమ్మరించి చూస్తే, కాలువ గీసిన వైపు ఒక్క చుక్క పోలేదు, మొత్తం ఆకుకూరల వైపు పారింది. ఏళ్ల తరబడి అక్కడ కూర్చున్నవాళ్లకి ఆ వాలు తెలుసు, వాళ్లని ఎవరూ అడగలేదంతే. పూలవాళ్లని మేడమీద పెట్టారు, అది మరీ విడ్డూరం. పైడితల్లి గుడికి వెళ్లే మనిషి దారిలో ఆగి రెండు మూరలు కొలిపించుకుంటుంది గానీ మెట్లెక్కి వెళ్లి కొంటుందా?

సాయంత్రం ఒక అధికారి వచ్చారు. అరగంట ఉన్నారు, ఓపిగ్గానే చూశారు, రాసివ్వమన్నారు. రాసిచ్చాం, అందినట్టు స్టాంపు వేయించుకున్నాం. అక్కడితో ఆగింది.

మనం రాసిచ్చిందాంట్లో ముఖ్యమైంది ఒకటే: ఇప్పుడు కూర్చుంటున్నవాళ్ల పేర్లు, జాగాలు కాగితం మీద పెట్టాకే గోడ మీద చెయ్యి వేయండి. ఇది మనం దయ చూపమని అడగడం కాదు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత కదపాలన్నా 30 రోజుల నోటీసు ఉండాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా ఎన్నికైన విక్రయదారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. సిరిమానోత్సవం నాడు బళ్లు తీయమంటే మనవాళ్లు ఎవరూ చెప్పకుండానే తీస్తారు, అది అమ్మవారి పని. కానీ "తాత్కాలికం" అని పంపించి, భవనం లేచాక కొట్లు పాట పెట్టి, గుడ్‌విల్ కట్టగలిగినవాళ్లకి ఇస్తే, రోజూ ఆశీలు (మార్కెట్ రుసుము) కట్టిన గంపలవాళ్లు ఎక్కడికి పోవాలి?

మరుగుదొడ్డి గురించి కూడా రాయాలి, మొహమాటపడితే లాభం లేదు. ఉన్న ఒక్కదానికీ తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోడానికే మూడు వారాలు పట్టింది. తెల్లారకముందే వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగడం మానేస్తున్నారంటే ఊహించుకోండి. ఇప్పుడు చెవి టీ కొట్టు మేకుకి తగిలించి ఉంటోంది. కొత్త డ్రాయింగులో ఫౌంటెన్ ఉంది, ఆడవాళ్ల మరుగుదొడ్డి మాత్రం వెనకాల మూల, లోడ్ ఆటోలు దిగే చోట ఉంది. మార్చమని రాశాం.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తారు. వసూళ్ల కంటే ఖర్చు కాస్త ఎక్కువైంది, ఆ తేడా ఆయనే జేబులోంచి వేశారు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

ధన్యవాదాలు: ముగ్గు గీసిన అక్కలకి, టేపు ఇచ్చిన టైలరు గారికి, బస్తా మోసి చూపించిన కలాసీలకి, చట్టం తెలుగులో విడమరిచి చెప్పిన వకీలు గారికి, డబ్బులడగకుండా టీ పోసిన అన్నకి, ఫొటోలు తీసిన డిగ్రీ పిల్లలకి, చీపుర్లు తెచ్చిన పారిశుద్ధ్య కార్మికులకి. వాట్సాప్‌లో "తప్పకుండా వస్తాం" అని బొటనవేలు పెట్టి ఆదివారం కనిపించని సభ్యులకి కూడా చెబుదామనుకున్నాను, కమిటీ వద్దంది. పేర్లు రాయట్లేదు, ఎవరికి వాళ్లకి తెలుసు.

విక్రయదారుల పేర్లు, కొలతలు మనమే రాసుకోవడం మొదలుపెట్టాం. ఉల్లిపాయల వరస, ఆకుకూరల వరస అయ్యాయి, చేపలు, పూలు మిగిలాయి. తెల్లవారుజామున వెళ్తేనే అందరూ దొరుకుతారు, కాబట్టి ఇద్దరు మనుషులు, వారం రోజులు కావాలి. పేరివ్వాలనుకునేవాళ్లు సమావేశం అయ్యాక నా దగ్గరికి రండి, ఫోన్లో వద్దు.

ఇట్లు,
కార్యదర్శి