గ్రూపులో గొడవ సరే, వీధిలో కుక్కల సంగతేంటి?

ఎడిటర్ గారికి,

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ సీసీటీవీ వీడియో మా కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ తిరిగింది. అప్పటి నుంచి కుక్క మాట వస్తే చాలు, అన్నిటినీ చంపేయాలని ఒకరు, మూగజీవాల మీద జాలి లేదా అని ఇంకొకరు. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలపై సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాక గొడవ ముదిరి కొందరు గ్రూపులోంచే వెళ్లిపోయారు. వీధిలో కుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా క్లాసు పాప ఒకసారి కుక్క కరిచిన పిక్కకు కారం, పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని బడికి వచ్చింది. ఇంట్లోవాళ్లకు తెలిసిన వైద్యం అదే. కట్టు విప్పి, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, వాళ్ల నాన్నను పిలిపించి ప్రభుత్వాసుపత్రికి పంపాం. అక్కడ రేబిస్ టీకా ఉచితం. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్ వైరస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. గాయం మానిందని మిగతా డోసులు ఎగ్గొట్టకూడదు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. ఇన్ని వందల మెసేజ్‌ల్లో ఈ నాలుగు ముక్కలు ఎవరూ పెట్టలేదు, అదే నా బాధ.

మా వీధి మూలన కుక్కలు చేరేది చికెన్ వ్యర్థాల కోసం. షాపాయనను గ్రూపులో చాలాసార్లు తిట్టారు గానీ, వెళ్లి అడిగినవాళ్లు లేరు. మేం నలుగురం వెళ్లి అడిగితే, తను షాపు తీసేసరికే మున్సిపాలిటీ చెత్తబండి వెళ్లిపోతోందని చెప్పాడు. ఇప్పుడు వ్యర్థాలను మూత ఉన్న డ్రమ్ములో వేస్తున్నాడు. పొద్దున్నే లేచే పక్కింటి పెద్దాయన దాన్ని బండికి అందిస్తున్నారు. మూలన చేరే కుక్కలు తగ్గాయి.

ఇక ఆపరేషన్లు. సంతానం కలగకుండా ఆపరేషన్ చేసిన కుక్కకు గుర్తుగా చెవికి చిన్న గాటు పెడతారు. మా వీధి ఆడకుక్కల్లో ఒక్కదానికీ ఆ గాటు లేదు. ఆ వివరాలు రాసి, ఫొటోలు జతచేసి మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ఏ వార్డుకు కుక్కలను పట్టే బండి ఎప్పుడు వస్తుందో అధికారులు ముందుగా మీ జిల్లా పేజీలో ప్రకటిస్తే, దగ్గరుండి చూపించడానికి మేం సిద్ధం.

- ఒక ఉపాధ్యాయురాలు, నల్గొండ