ఆ వెలుగు కృష్ణబిలానిది కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ సైన్స్ పేజీలో ‘కాంతిని మించిన వేగం! ఐన్‌స్టీన్ తప్పేనా?’ అన్న శీర్షిక చూసి, కాఫీ చల్లారేదాకా ఆ పేజీ పట్టుకునే కూర్చున్నాను. వార్త బీఎల్ లాసెర్టే అనే గెలాక్సీ గురించి. ‘కృష్ణబిలం ఉన్నట్టుండి వెలిగిపోతోంది’ అని కూడా రాశారు. రెండూ తప్పే. ఇంటర్ పిల్లలకు ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను. పైగా ఆ వెలుగును కళ్లారా చూసినవాణ్ని.

2021లో ఆషాఢ అమావాస్య దాటిన రోజులవి. నంద్యాలలో మా మేడ మీద ఎనిమిదంగుళాల టెలిస్కోపు పెట్టుకుని, మబ్బు ఎప్పుడు విడుస్తుందా అని దోమల మధ్య కాపలా కాశాను. బీఎల్ లాసెర్టే ఉండేది ఉత్తరాన హంస మండలం పక్కన, ‘బల్లి’ మండలంలో. (మా ఆవిడకు చెబితే, పంచాంగంలో బల్లిపాటు ఫలితం చూసుకోమంది.) మామూలుగా దాని ప్రకాశ పరిమాణం 14, 15 దగ్గర ఉంటుంది, నా టెలిస్కోపుకు అందదు. ఆ ఆగస్టులో 12 కంటే కిందికి వచ్చింది. ఈ లెక్కలో అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు. అర్ధరాత్రి దాటాక దొరికిన ఇరవై నిమిషాల్లో చూశాను. పక్క చుక్కల్లాగే ఇంకో చుక్క, అంతే. ఒక చుక్క కంటే తక్కువ, ఇంకోదాని కంటే ఎక్కువ అని పోల్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాలుగు రాత్రుల తర్వాత మళ్లీ చూస్తే ఆ రెండో చుక్క కంటే మసకబారి ఉంది. 1929లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త హాఫ్‌మైస్టర్ దీన్ని మన పాలపుంతలోని చంచల నక్షత్రం, అంటే వెలుగు మారుతుండే నక్షత్రం, అనుకున్నాడంటే తప్పు పట్టలేం. 1968లో దీనికి రేడియో తరంగాలతో సంబంధం తేలాకే అసలు కథ మొదలైంది. అది మనకు సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

అంత దూరాన ఉన్నది నాలుగు రాత్రుల్లో ఎలా మారుతుంది? ఆ గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం తాను వెలుగునివ్వదు. దాని చుట్టూ తిరుగుతూ లోపలికి పడే పదార్థంలో కొంత, రెండు ధ్రువాల వైపు సన్నటి ధారలుగా, దాదాపు కాంతి వేగంతో బయటికి చిమ్ముతుంది. అదే జెట్. మొక్కలకు నీళ్లు పట్టే పైపును పిల్లవాడు సూటిగా మన మొహం మీదికి తిప్పినట్టు, బీఎల్ లాసెర్టే జెట్ దాదాపు మనవైపే గురిపెట్టి ఉంది. అందుకే దాని వెలుగు అసలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడుతుంది.

ఆ వెలుగు జెట్‌దేనని ఎలా తెలుసు? ఇది మీ వార్తలో ఒక్క ముక్క కూడా లేదు. జెట్‌లో ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ ఇచ్చే కాంతి పోలరైజ్ అయి ఉంటుంది, అంటే దాని కంపనాలు ఒక దిశకు మొగ్గి ఉంటాయి. 2005లో ఈ గెలాక్సీ వెలుగు పెరిగినప్పుడు ఆ దిశ రోజుల తేడాతో గిర్రున తిరిగింది. అదే కాలంలో హవాయి నుంచి వర్జిన్ దీవుల దాకా పరుచుకున్న పది రేడియో డిష్‌లతో తీసిన చిత్రాల్లో, జెట్‌లో ఒక కొత్త ముద్ద కదులుతూ కనిపించింది. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త అలన్ మార్షర్ బృందం 2008లో ఈ రెంటినీ జతచేసి చూపింది. ముద్ద మెలితిరిగిన అయస్కాంత క్షేత్రంలోంచి వస్తున్నప్పుడు ఒకసారి, ముందున్న నిలకడైన షాక్ తరంగాన్ని, అంటే ధార ఒక్కసారిగా నొక్కుకుపోయే చోటును, దాటుతున్నప్పుడు ఇంకోసారి వెలిగిందన్నమాట. అన్ని గెలాక్సీలూ ఇంతే అనను. 3సీ 273 అనే మరోదానిలో కంటికి కనిపించే వెలుగులో ఎక్కువ భాగం కృష్ణబిలం చుట్టూ పళ్లెంలా తిరిగే పదార్థానిదే.

ఇక ‘కాంతిని మించిన వేగం’. జెట్‌లోని ముద్ద అలా కదిలినట్టు కనబడుతుంది, అంతే. కొడుకు ఢిల్లీ నుంచి రైల్లో వస్తూ నాగపూర్‌లో ఒక కార్డు, విజయవాడలో ఒక కార్డు పోస్టు చేశాడనుకోండి. కార్డులు వచ్చే బండి వాడి బండి కంటే కాస్తే వేగం. నాగపూర్ కార్డు పదింటికి, విజయవాడ కార్డు పదకొండింటికి చేరితే, గంటలో నాగపూర్ నుంచి విజయవాడ వచ్చేశాడని లెక్కేస్తాం. జెట్‌లో ముద్ద కూడా తాను పంపిన కాంతి వెనకే తరుముకొస్తుంది. అక్కడ రోజులు పట్టే మార్పు మనకు గంటల్లో కనబడేదీ అందుకే. ఇందులో ఐన్‌స్టీన్ తప్పేమీ లేదు, ముద్ద నిజంగా కాంతి వేగాన్ని దాటనే దాటదు.

ఇంకో సంగతి. 2020లో ఇదే గెలాక్సీ వెలుగు సుమారు 13 గంటలకోసారి పెరిగి తగ్గిందని 2022లో ప్రకటించారు. జెట్‌లో పడ్డ మెలిక దానికి కారణమంటున్నారు. ఒక్క చోటి నుంచి చూస్తే 13 గంటల చక్రం అందదు, మధ్యలో తెల్లారిపోతుంది. అందుకే వేర్వేరు దేశాల్లో ముప్పైకి పైగా టెలిస్కోపులు వంతులవారీగా చూశాయి. వాటిలో చిన్నవీ ఉన్నాయి. మీ వార్త చదివిన పిల్లలకు తెలియాల్సింది ఇది.

సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. మీ విలేకరి వస్తానంటే, కార్తీకంలో రాత్రి ఏడింటికే బల్లి మండలం ఉత్తరాన బాగా పైన ఉంటుంది. దోమల కాయిల్ నేనే వెలిగిస్తాను.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, నంద్యాల