కథల పోటీ ప్రకటనలో ఏమేం ఉండాలి?

సంపాదకులకు,

ఉగాది, దీపావళి, సంక్రాంతి ఇంకా రెండు మూడు నెలలుందనగానే కథల పోటీల ప్రకటనలు మీ సాహిత్య పేజీలో మొదలవుతాయి. వాటితో పాటే నాటికల పోటీల పిలుపులూ వస్తాయి. కొత్తగా రాసేవాళ్లకు ఇప్పటికీ ఇదే సింహద్వారం. ఆ ప్రకటనల్లో బహుమతి మొత్తం, ఆఖరి తేదీ, వాట్సాప్ నంబరు ప్రముఖంగా ఉంటాయి. ‘తుది నిర్ణయం నిర్వాహకులదే, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’ అన్న వాక్యం ఎటూ తప్పదు. ఫలితాలు ఏ రోజు చెబుతారో, గెలిచిన కథ మీద హక్కులు ఎవరివో మాత్రం చాలావాటిలో కనబడదు. ఈ రెండూ లేని ప్రకటనను మీ పత్రిక వేయకూడదన్నది నా విన్నపం.

హక్కుల సంగతి ముందు చెబుతాను. కొన్ని ప్రకటనల అడుగున ‘బహుమతి పొందిన రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే’ అని ఒక ముక్క ఉంటుంది. మూడు వేలో అయిదు వేలో బహుమతి ఇచ్చి సంకలనం, ఆడియో, నాటకం, సినిమా అన్నీ కలిపి పట్టుకుపోవడమన్నమాట. 1957 నాటి కాపీరైట్ చట్టం ఇంత తేలిగ్గా ఒప్పుకోదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, దాని మీద రచయిత సంతకం ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎన్నాళ్లకు, ఏ ప్రాంతానికి అన్నది అందులో రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకేననీ అర్థం. వేరే షరతు లేకుంటే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే ఆ బదిలీ చెల్లదు. రచయితగా పేరు వేయించుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఎప్పటికీ రాసినవాళ్లదే. కాబట్టి పేపర్లో వేసిన ఒక్క వాక్యంతో హక్కులు చేతులు మారవు. చిక్కంతా ‘ఈ కథ నా సొంతం, మరెక్కడా పరిశీలనలో లేదు’ అంటూ కథతో పాటు సంతకం పెట్టి పంపే హామీపత్రంతోనే. నిర్వాహకులు ఇచ్చిన నమూనాలో ‘నియమాలన్నీ నాకు సమ్మతమే’ అని ఉంటే, సంతకం చేసేముందు ఆ నియమాలు ఒకటికి రెండుసార్లు చదవాలి.

పత్రికకు కావలసింది తొలి ప్రచురణ హక్కు. సంకలనం వేసే ఉద్దేశం ఉంటే దానికీ ఒక అనుమతి. అంతకు మించి అడగడానికి నాకైతే కారణం కనబడదు.

దీనివల్ల దెబ్బ తినేది రచయితలే కాదు. నాటక పోటీలు పెట్టే సంస్థలైన మన పరిషత్తుల్లో ఆడే నాటికలు చాలావాటికి మూలం అచ్చయిన కథలే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైన దగ్గర్నుంచి పోటీ నాటకం ఊరూరా పాకింది. ప్రదర్శనకు ఎంట్రీ పంపే నాటక సమాజాన్ని రచయిత అనుమతి పత్రం అడుగుతారు. కథ నుంచి తీసిన నాటిక అయితే ఇద్దరి అనుమతి కావాలి, మూలకథ రచయితదీ, నాటకీకరించినవాళ్లదీ. ఇప్పుడు ఆ కథ మీద ‘సర్వహక్కులూ’ ఎప్పుడో పోటీ పెట్టి తర్వాత మూతపడిన సంస్థవైతే సమాజం ఎవరి దగ్గరికి వెళ్లాలి? రచయితను అడిగితే తన చేతిలో లేదంటారు. రిహార్సళ్లు అయ్యాక ఈ తగవు బయటపడితే ఎంట్రీ పోతుంది, సెట్టుకూ ఆహార్యానికీ పెట్టిన డబ్బు పోతుంది. కథ ఎంచుకున్న రోజే అనుమతి కాగితం మీద తీసుకోవాలి. అందులో ఎన్ని ప్రదర్శనలకు, ఏ పేరుతో, ముగింపు మార్చుకోవచ్చా లేదా అన్నవి ఉండాలి. ఫోన్లో ‘కానివ్వండి’ అన్న మాట పరిషత్తు ముందు నిలవదు.

రెండోది ఫలితాల తేదీ. ‘కథ మరెక్కడా పరిశీలనలో ఉండకూడదు’ అన్న నియమం సబబే. ఒకే కథ మూడు పోటీలకు పంపి, రెండుచోట్ల బహుమతి వచ్చాక అందరినీ ఇరుకున పెట్టేవాళ్లు ఉన్నారు. కానీ ఆ నియమానికి గడువు ఉండాలి కదా. ఫలితం చెప్పని పోటీలో కథ ఏడాదంతా ఇరుక్కుపోతుంది. బహుమతి రాని కథను ‘సాధారణ ప్రచురణకు తీసుకున్నాం’ అని జాబితాలో వేసి, అచ్చు వేయని పత్రికలూ ఉన్నాయి. రచయిత తన హామీపత్రంలోనే ఒక వాక్యం చేర్చుకోవచ్చు: ‘ఫలానా తేదీలోగా ఫలితం తెలియనిపక్షంలో ఈ కథను ఉపసంహరించుకున్నట్టుగా భావించగలరు.’ ఆ తేదీ దాటాక ఒక మెయిల్ పెట్టి, కథను వేరేచోటికి పంపుకోవచ్చు.

పంపేవాళ్ల వైపు తప్పులూ తక్కువేం కాదు. చాలా కథలు తొలి వడపోతలో చదవకుండానే పక్కకు పోతాయి. మొదటి కారణం ఫాంటు. డీటీపీలో వాడే ‘అను’ అనే పాతతరం తెలుగు ఫాంట్లలో టైపు చేసిన వర్డ్ ఫైలు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలూ ఇంగ్లిష్ అక్షరాలూ వస్తాయి. ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడ్‌లో టైపు చేసి, వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపాలి. పంపేముందు వేరేవాళ్ల ఫోనులో ఒకసారి తెరిచి చూస్తే సరి. చేత్తో రాసిన కాగితాలను ఫొటోలు తీసి పంపితే పేజీలు తారుమారవుతాయి, కాబట్టి ప్రతి పేజీ మీదా అంకె వేయాలి. రెండో కారణం పేరు. రచయిత ఎవరో తెలియకుండా చదివే పోటీల్లో పేరు, చిరునామా హామీపత్రం మీదే ఉండాలి. కథ కింద, ఫైలు పేరులో, పేజీ పైఅంచులో ఎక్కడున్నా ఆ కథను తీసేయడానికి సాకు దొరికినట్టే. ఇక ‘ఆరు పేజీలు మించరాదు’ అని రాసే నిర్వాహకులు అక్షరం సైజు చెప్పకపోతే, జనం అక్షరాలను చీమలంత చేసి పంపుతారు. 1,500 పదాలు అని చెప్పడం మేలు. అప్పుడు కూడా పదాలు కలిపి రాసేవాళ్లకూ విడదీసి రాసేవాళ్లకూ లెక్కలో తేడా వస్తుంది. పది శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదని ఒక మాట చేరిస్తే ఆ గొడవా ఉండదు.

నాటికకైతే పేజీల లెక్క పనికిరాదు. గడియారం పెట్టుకుని, రంగం మార్పులు కూడా కలిపి, పైకి చదివి చూసుకోవాలి. చదువులో 45 నిమిషాలు పట్టింది రంగస్థలం మీద కదలికలు, సంగీతం, చప్పట్లతో గంటకు చేరుతుంది. వ్యవధి దాటితే తర్వాత ఎంత బాగా నటించినా మార్కులు కోతే. ఉత్తమ నటి బహుమతి కోసం చివరి పది నిమిషాలూ ఏడుపు పెట్టే అలవాటే చాలాసార్లు ఈ ఆలస్యానికి మూలం అని నా అనుమానం.

డబ్బు అడిగే పోటీల గురించి కూడా ఒక మాట. పరిశీలన ఖర్చుకని స్వల్ప ప్రవేశ రుసుము తీసుకుంటే దాన్ని మోసం అనలేం. గెలిచాక ‘సంకలనం పది కాపీలు కొనాలి’ అన్నా, పిల్లల నృత్య ప్రదర్శనలో సర్టిఫికెట్టుకీ జ్ఞాపికకీ తలకింతని వసూలు చేసినా అది వ్యాపారం. దాన్ని పోటీల శీర్షిక కింద ఉచితంగా వేయకండి, ప్రకటనల రేటు తీసుకుని వేయండి.

అసలు అవకాశాలు కొన్ని మీ పేజీకి రావడమే లేదు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చినరోజు ఫొటోతో సహా వార్త వేస్తారు. అది 50,000 రూపాయల పురస్కారం, ఆ ఏడాది జనవరి 1 నాటికి 35 ఏళ్లు మించనివాళ్లు అర్హులు. పుస్తకాలు పంపమన్న పిలుపు వచ్చినప్పుడు మాత్రం మన కుర్రాళ్లకు తెలియదు. నృత్యం, సంగీతం, నాటకం నేర్చుకుంటున్న 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు కేంద్ర సాంస్కృతిక శాఖ తన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) ద్వారా నెలకు 5,000 చొప్పున రెండేళ్లపాటు ఉపకారవేతనం ఇస్తోంది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేరే పథకం ఉంది. ఆకాశవాణి ఆడిషన్లకు దరఖాస్తులు పిలిచినప్పుడూ ఇంతే. ఆడిషన్‌లో ఇచ్చే తొలి మెట్టు బి గ్రేడుతో మొదలుపెట్టి పైకి వెళ్లిన సంగీత కళాకారులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఈ పిలుపులను పోటీల పక్కనే, ఆఖరి తేదీకి కనీసం మూడు వారాల ముందు వేయండి. పల్లెటూరి పిల్లలకు వయసు ధ్రువపత్రం, గురువు సంతకం సమకూర్చుకోవడానికే రెండు వారాలు పడుతుంది.

– కథల పోటీలకు తొలి వడపోత చేసే ఒక పాఠకుడు, గుంటూరు