ముందు ముర్రుపాలు, తర్వాతే మూలికల మందు

సంపాదకులకు,

మా గుంటూరు వైపు పాడి ఉన్న ఇళ్ళల్లో పుట్టిన దూడకు మూలికల టానిక్ పట్టించడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. పొట్ట త్వరగా ఎదుగుతుందని అంటగడుతున్నారు. మొన్న మా గేదె ఈనినప్పుడు నేనూ ఒక సీసా తెచ్చాను. మర్నాటికే దూడ తెల్లగా పారుకుంది. తోకంతా అంటుకుపోయి, లేవలేక గాడి పక్కనే పడిపోయింది. టానిక్‌దే తప్పని అనను. ఆ హడావిడిలో ముర్రుపాలు ఆలస్యం చేసింది నేనే.

దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి ముర్రుపాలతోనే వస్తుంది. పేగులు ఆ శక్తిని పీల్చుకునేది మొదటి 24 గంటలే, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది. 30 కిలోల దూడకు తొలిరోజు దాదాపు 3 లీటర్లు పట్టాలి. ఇక నెమరువేసే పెద్దపొట్ట ఎదిగేది సీసా మందుతో కాదు, రెండో వారం నుంచి కొరికే దాణాతో. అది లోపల పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలే పొట్ట గోడను పెంచుతాయి.

మూలికల్లో గుణం లేదనను. దానిమ్మ తొక్కలోని వగరుకు విరేచనాలు కట్టే గుణం ఉందని మా నాయనమ్మకూ తెలుసు. కానీ నేను కొన్న సీసా మీద ఏ మొక్క సారం ఎంతుందో రాయనే లేదు. మన లాం ఫారంలో పశు పరిశోధన కేంద్రం ఉంది కదా. ఏ సారం, ఏ వయసు దూడకు, ఎంత మోతాదో వాళ్ళు తేల్చి, తెలుగులో అచ్చేసి ప్రతి పశువైద్యశాల గోడకూ అంటిస్తే బాగుంటుంది.

– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా