200 దాటించింది కంప్యూటర్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మే నెలలో మా ఇంటి మీటరు 209 యూనిట్లు తిరిగింది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 వరకే సున్నా బిల్లు. దాటితే ఆ తొమ్మిదింటికే కాదు, మొత్తానికీ కట్టాలి. ఆ తొమ్మిది ఎవరు కాల్చారని ఇంట్లో వారం రోజులు పంచాయితీ నడిచింది. అత్తమ్మ తీర్పు మొదటి రోజే చెప్పేసింది: "గా పోరగాని కంప్యూటరే గుంజుతున్నది." మా పెద్దోడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సీపీయూ వెనక 450 వాట్లు అని రాసి ఉండడం చూసి నేనూ అత్తమ్మ వైపే చేరాను.

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ప్లగ్‌కు తగిలించే చిన్న వాట్ మీటరు తెచ్చాక అసలు సంగతి తెలిసింది. 450 అనేది లోపలి పవర్ సప్లయి ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమేనట. మానిటర్‌తో కలిపి మా కంప్యూటర్ వాడేది 95 వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్, కాబట్టి రోజుకు నాలుగు గంటలు నడిచినా నెలకు 12 యూనిట్లు దాటదు. దాని యూపీఎస్ మాత్రం కంప్యూటర్ ఆపేశాక కూడా 8 వాట్లు తాగుతూనే ఉంది. టీవీని రిమోట్‌తో ఆపి పడుకుంటాం కదా, సెట్‌టాప్ బాక్స్ తెల్లవార్లూ 11 వాట్ల మీద మేలుకునే ఉంటుంది. ఈ రెండింటినీ వాడనప్పుడు స్విచ్ దగ్గరే ఆపి ఉంటే ఆ తొమ్మిది యూనిట్లూ మిగిలేవి. పిల్లాడికి పడిన తిట్లలో సగం ఆ బాక్సుకు పడాల్సినవి.

ఫ్రిజ్‌ను రెండు నిమిషాలు కొలిస్తే లాభం లేదు, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ఒక రోజంతా మీటరు ఉంచాలి.

సీలింగ్ ఫ్యాన్‌కు ప్లగ్ ఉండదు. దానికి ఇంటి మీటరే చాలు. మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు ఉంటుంది, పక్కనే ఒక అంకె. మాది 3200. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఈ అంకె అన్ని మీటర్లకూ ఒకటి కాదు, చూసుకోవాలి. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ వేసి లెక్కపెట్టాం. నిమిషానికి నాలుగు సార్లు, గంటకు 240. దాన్ని 3200తో భాగిస్తే గంటకు 0.075 యూనిట్, అంటే 75 వాట్లు. అలాంటి పాత ఫ్యాన్లు రెండు, ఎండాకాలం రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు! రాత్రిళ్లు నడిచే కూలర్ ఇంకో 51. కంప్యూటర్ వాటి ముందు ఏ మూలకు? ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాన్లు ముప్పై వాట్లతోనే తిరుగుతాయి. ఈ లెక్క చూశాక అత్తమ్మే ముందు ఫ్యాన్ మార్చమంది. పోరగాని మాట మళ్లీ ఎత్తలేదు.

మా జిల్లాలోనే సాగర్ కరెంటు ఉంది, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు కట్టారు. ఇంట్లో ఏ వస్తువు ఎంత తింటుందో చెప్పే దిక్కు మాత్రం లేదు. బిల్లులో నెల మొత్తం ఒక్క ముక్కలో ఉంటుంది. ఆ ఎర్ర లైటు లెక్కను బిల్లు కాగితం వెనక నాలుగు లైన్లలో అచ్చు వేయిస్తే విద్యుత్ అధికారులకు పోయేదేమీ లేదు. ప్లగ్ మీటర్లు ఒక్కో మండలంలో పది ఉంచి, పుస్తకాల్లాగే వారం రోజులకు ఇచ్చి తీసుకోవచ్చు. ఆ పని శాఖా గ్రంథాలయాలకు అప్పగించినా బాగుంటుంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నాం. కొలిచేది ఒక్కసారే, ప్రతి ఇల్లూ కొనుక్కోవడం దండగ. మా ప్లగ్ మీటరే ఇప్పటికి మా వీధిలో నాలుగు ఇళ్లు తిరిగింది, ఇంకా నా చేతికి రాలేదు.

– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా