కార్న్ టాకో అని రాసి మైదా పెడితే ఎట్లా?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో హన్మకొండకు వచ్చిన మెక్సికన్ రుచుల గురించి రాశారు. ముప్పై ఏళ్లు బట్టీ ముందు నిలబడి బన్నులు, రస్కులు, దిల్‌పసందులు చేసినవాణ్ని. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

పోయిన ఏడాది అమెరికాలో కొడుకు దగ్గర ఐదు నెలలు ఉన్నాను. డాలస్ పక్కన ఇర్వింగ్. అక్కడ మనవాళ్లూ ఎక్కువే, మెక్సికో వాళ్లూ ఎక్కువే. మావాడు ఫోన్లో స్టార్లు చూసి తీసుకుపోయిన పెద్ద హోటల్లో నాకు చీజు తప్ప ఏమీ తగల్లేదు. అసలైన దుకాణం పొద్దటి నడకలో నా ముక్కుకే దొరికింది. లాండ్రీకి, టైర్ల షాపుకు మధ్య చిన్న గది. ఆరింటికే బయట పనికి పోయే మేస్త్రీల ట్రక్కులు ఆగి ఉన్నాయి. లోపల పళ్లెం, పట్టకారు తీసుకుని అరల్లోంచి మనమే ఏరుకోవాలి. కొంచా అని గుండ్రటి తీపి బన్ను. పైన చక్కెర, పిండి, కొవ్వు కలిపిన పొర మీద ఆల్చిప్ప గీతలు. వేలితో నొక్కితే పొర పటుక్కుమంది, కింది బన్ను దూదిలా మళ్లీ లేచింది. మాస్టరు పనిమంతుడని అక్కడే తెలిసిపోయింది. నవంబర్ 1, 2 తేదీల్లో వాళ్లు పోయినవాళ్లను తలుచుకుంటారు. అప్పటి రొట్టె మీద పిండితోనే ఎముకల ఆకారాలు పెడతారు. నాకు మన పెత్రమాస గుర్తొచ్చింది.

ఆ వరసలోనే ఇంకో చిన్న హోటల్లో మక్క టోర్టియాలు, అంటే వాళ్ల పల్చటి రొట్టెలు, తిన్నాను. వాటినే మడిచి లోపల కూర పెడితే టాకో. మన మక్క రొట్టె అంచులు పగులుతాయి, వాళ్లది గుడ్డలా మడతపడుతుంది. కిటుకంతా సున్నంలో ఉంది. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగి రుబ్బుతారు. మక్కల్లో ఉండీ ఒంటికి అందని బి3 విటమిన్ కూడా దాంతో అందుతుంది.

ఇక మన ఊరి సంగతి. ఈ మధ్య ఒక షాపులో 'కార్న్ టాకో' అని రాసి ఉంటే 180 రూపాయలు పెట్టాను. మైదా రొట్టెలో మయొనీస్, టమాటా సాస్. ఇదేంది బాబూ అంటే, "లోపల స్వీట్‌కార్న్ ఉంది కదా అంకుల్" అన్నాడు పిల్లవాడు. మైదా మీద నాకు కోపం లేదు, దాంతోనే బతికాను. ఉత్తర మెక్సికోలో గోధుమపిండి టోర్టియాలే ఎక్కువ తింటారు కూడా. అదే మాట బోర్డు మీద రాయండి.

మక్కలకు మన దగ్గర కరువా? ఎక్కువ కోళ్ల దాణాకే పోతున్నాయి. మిరప కూడా పోర్చుగీసు ఓడల్లో ఆ మెక్సికో దేశాల వైపు నుంచి వచ్చిందే. అట్లా వచ్చిన పంటలోనే మన వరంగల్ చపాటా మిరపకు 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు దక్కింది.

నేను ఇంట్లో చేసి చూశాను. మొదటిసారి సున్నం చేతి అంచనాతో వేస్తే సబ్బు నాకినట్టయింది. రెండోసారి కిలో మక్కలకు పది గ్రాముల తాంబూలం సున్నం తూచి వేశాను. పాల కవరు కోసి, మధ్యన ముద్ద పెట్టి, పీటతో నొక్కి పెనం మీద వేస్తే పొంగాయి. మా ఇంటామె చపాటా పచ్చడితో నాలుగు తిన్నది.

ఆ షాపువాళ్లు వస్తే పైసా తీసుకోకుండా నేర్పిస్తాను. గ్రైండర్ మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి. మాది ఆ మక్కలకే ఆగిపోయింది.

– ఒక పాత బేకరీ మాస్టరు,
బాలసముద్రం, హన్మకొండ