డిగ్రీ అయిపోయి ఊళ్ళోనే ఉండిపోయినోళ్ళ గురించి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ పేపర్లో ఉత్తరాల కాలమ్‌లో ఒంగోలు నుంచి ఒక పెద్దాయన రాశారు, డిగ్రీలు చేసిన పిల్లలు ఊళ్ళు వదలడం లేదు, చిన్న జీతాలకే సరిపెట్టుకుంటా ఉన్నారు, వాళ్ళకి కసి లేదు అని. ఆయన మీద నాకేం కోపం లేదండి, మా నాన్న కూడా అదే మాట అంటాడు, కాకపోతే ఆ చిన్న జీతాలోళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి రాస్తా ఉండాను.

నాది బీఎస్సీ మైక్రోబయాలజీ, నెల్లూర్లో. చదివేటప్పుడు పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో రికార్డులు, ఇంటర్నల్స్, ఫీజు గోల, ఏ రోజు ఏం చెయ్యాలో ఎవరో ఒకరు చెప్తానే ఉంటారు. ఫైనల్ సెమ్ రిజల్ట్ వచ్చినాక చెప్పేవాళ్ళు ఉండరు, అడిగేవాళ్ళు మాత్రం ఉంటారు, పెళ్ళికి పోయినా కర్మంతరానికి పోయినా "ఏం పాపా, ఇప్పుడేం చేస్తా ఉండావు" అని. మా బ్యాచ్‌లో కొందరు కోర్సుల కోసం హైదరాబాద్ అమీర్‌పేట పోయారు, కొందరు బీఈడీ చేరి డీఎస్సీ అన్నారు, కొందరికి పెళ్ళిళ్ళు అయిపోయినాయి. వాట్సాప్ గ్రూపులో ఆఫర్ లెటర్ వచ్చినోళ్ళు మాట్లాడతారు, రానోళ్ళు చూసి ఊరుకుంటారు. నేను గ్రూపు మ్యూట్ చేశా, ఆ రోజు నుంచి నిద్ర బాగానే పడతా ఉంది.

ఇప్పుడు విడవలూరు దగ్గర రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ఒక ల్యాబ్‌లో చేస్తా ఉండాను. తెల్లారేసరికి రైతులు వాటర్ బాటిళ్ళలో గుంట నీళ్ళు పట్టుకొని వచ్చేస్తారు, బాటిల్ మీద గుంట నంబర్ పెన్నుతో రాసుంటది, సగం చెరిగిపోయుంటది, అది ఎవరిదో కనుక్కోడమే పెద్ద పరీక్ష. పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ అప్పటికప్పుడు చూసి చెప్పేస్తాం, బ్యాక్టీరియాకి మాత్రం ప్లేట్ మీద వేసి పెట్టాలి, మర్నాడు పొద్దునకి కాలనీలు, అంటే బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు, లేస్తాయి, పసుపు ఉంటే కొంచెం నిమ్మళం, గ్రీన్ లేచిందంటే రొయ్యకి ప్రమాదమని రైతు మొహం మాడిపోద్ది. "ఏం పాపా, గ్రీన్ ఉందా" అని ఆయన అడిగేటప్పుడు ఆ గొంతు వినాలి సార్, లక్షలు నీళ్ళల్లో పోసి రాత్రంతా నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర కాపలా కాసి వచ్చిన మనిషి, నేను లెక్కపెట్టి చెప్పే మాట కోసం నిలబడి ఉంటాడు. కాలేజీలో ఇదే ప్లేట్ మీద మేము మార్కుల కోసం కాలనీలు లెక్కపెట్టినాం, ఒక్కోసారి పక్కోళ్ళ రికార్డు చూసి అంకె వేసేసినాం కూడా. ఇక్కడ ఆ వేషాలు కుదరవు, తప్పు చెప్తే ఆ మనిషి గుంటలో వేసే మందే మార్చేస్తాడు. నాకు ఈ పని నచ్చింది, కసి లేక కాదు.

రొట్టెల పండక్కి మా అమ్మ నన్ను బారాషహీద్ దర్గాకి తీసుకుపోయి స్వర్ణాల చెరువులో, ఉద్యోగం రావాలని కోరుకుంటా పట్టుకునే ఉద్యోగం రొట్టె పట్టించింది. కోరిక తీరినోళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇయ్యాలి కదా, తర్వాతేడు అమ్మ రొట్టెలు చేస్తా ఉంటే మా అత్త "ల్యాబ్ ఉద్యోగానికి కూడా రొట్టె ఇస్తారా వదినా" అంది. అమ్మ పెనం మీద నుంచి తల ఎత్తకుండా "నెలనెలా జీతం వస్తా ఉంది, నవ్వుతా ఇంటికొస్తా ఉంది, ఇంకేం తీరాల" అనింది. ఆ ఏడు ఆ రొట్టె పట్టుకున్న పిల్ల బీకామ్ అంట, పేరు అడగలేదు.

అట్టా అని అంతా బ్రహ్మాండంగా ఉందని రాయడం లేదు. జీతం తక్కువే, పెంచమని అడుగుతానే ఉండాను, తృప్తిగా ఉన్నాం కదా అని ఇచ్చింది తీసుకొని నోరు మూసుకోమంటే మాత్రం ఒప్పుకోను. 2025 ఆగస్టులో అమెరికావాళ్ళు మన సరుకుల మీద టారిఫ్ 50 శాతం చేసినప్పుడు కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే రేట్లు) పడిపోయి రైతులు బెంబేలెత్తిపోయారు, మాకూ ఉద్యోగం ఉంటదా ఊడతదా అని భయమేసింది. హైదరాబాద్ పోయినోళ్ళ భయాలు హైదరాబాద్‌లో, మా భయాలు ఇక్కడ. పెద్దాయన మాత్రం ఊళ్ళో ఉన్నోళ్ళంతా హాయిగా కాళ్ళు చాపుకొని కూర్చున్నట్టు రాశారు.

మీ పేపర్‌కి ఒక మనవి. రిజల్ట్స్ సీజన్లో జిల్లా ఎడిషన్ తీస్తే ర్యాంకర్ల ఫొటోలు, ప్యాకేజీలు, కాలేజీల యాడ్లు, పేజీలు పేజీలు అవే. ఒక అర పేజీ మా జిల్లాలో, చుట్టుపక్కల డిగ్రీతో దొరికే పనుల గురించి కూడా వెయ్యండి. రొయ్య పిల్లల్ని తీసే హేచరీలు, మేత అమ్మే ఫీడ్ షాపులు, రొయ్యల ప్లాంట్లు, కృష్ణపట్నం పోర్టు చుట్టూ ఉన్న ఆఫీసులు, ఒంగోలు వైపు గ్రానైట్ యూనిట్లలో అకౌంట్స్, వీటిల్లో చేరాలంటే ఎవర్ని అడగాలో చదువుకునేటప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. జీతం ఎంత, ఎన్ని గంటలు, ఆడపిల్లలు తిరిగి ఇంటికి రావడానికి బస్సు ఉందా లేదా, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. ల్యాబుల్లో ఆదివారం కూడా సెలవు ఉండదు, అది కూడా దాచొద్దు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా